పుకారుకు టీకా

(మహిళల రేడియో కార్యక్రమం కోసం రాసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్ళల్లో బిడ్డ పుట్టగానే రెండు కాగితాలు భద్రంగా దాచుకుంటాం. ఒకటి పుట్టిన నక్షత్రం, వేళ రాసుకున్న కాగితం. రెండోది ఆస్పత్రివాళ్ళిచ్చిన టీకాల కార్డు. మొదటిదాన్ని పెళ్ళీడు వచ్చేదాకా ఎవరూ పెద్దగా కదిలించరు. రెండోదాన్ని మాత్రం ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల, ఏడాదిన్నర, అయిదో ఏడు అంటూ మళ్ళీ మళ్ళీ బయటికి తియ్యాలి. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ రెండో కాగితం గురించీ, దాన్ని తియ్యబోతుంటే మన చెయ్యి పట్టుకుని ఆపే మాటల గురించీ.

ఆ మాటలు మీరూ వినే ఉంటారు. "తొమ్మిదో నెల సూది వేయిస్తే పిల్లాడికి మాటలు రావట." "ఆ చుక్కలు వేస్తే పెద్దయ్యాక సంతానం కలగదట." "అందులో పాదరసం కలుపుతారట." "పక్క వీధిలో ఎవరి పాపకో సూది వేసిన మర్నాడే ఫిట్సు వచ్చాయట."

ఈ మాటలన్నిటి చివరా ఒకే అక్షరం ఉంది, గమనించారా? రావట, కలగదట, కలుపుతారట, వచ్చాయట. మన తెలుగు ఎంత గడుసు భాషో చూడండి! కళ్ళారా చూసినదానికీ, చెవిన పడ్డదానికీ తేడా చెప్పటానికి మనకో చిన్న "ట" ఇచ్చింది. చిక్కెక్కడ వస్తుందంటే, నోరు మారేకొద్దీ ఆ "ట" ఊడిపోతుంది. మొదటి ఇంట్లో "ఫిట్సు వచ్చాయట" అన్న మాట నాలుగో ఇంటికి చేరేసరికి "ఫిట్సు వచ్చాయి" అవుతుంది. సెల్‌ఫోనులోకి ఎక్కేసరికి "పదిమంది పిల్లలు పోయారు, మీకు తెలిసిన తల్లులందరికీ పంపండి" అవుతుంది. పంపేవాళ్ళు చెడ్డవాళ్ళేం కారు. మనలాంటి తల్లులే, అమ్మమ్మలే. పిల్లల మీద ప్రేమ కొద్దీ పంపుతారు. అందుకే వాళ్ళను వెక్కిరించి లాభం లేదు. భయానికి సమాధానం చెప్పాలి.

ముందుగా ఒక పెద్ద మాట చెప్పుకుందాం. కాకతాళీయం అంటాం కదా, దాని కథ మీకు తెలిసిందే. తాటిచెట్టు మీద కాకి వచ్చి వాలింది. సరిగ్గా అప్పుడే తాటిపండు రాలింది. చూసినవాడు కాకి బరువుకే పండు రాలిందన్నాడు. పండు ముగ్గి రాలే వేళకి కాకి వచ్చి వాలిందంతే. మన దేశంలో ఏటా రెండు కోట్లకు పైగా బిడ్డలు పుడుతున్నారు. ఒక్కో బిడ్డా మొదటి ఏడాదిలోనే టీకాకి అయిదారుసార్లు వెడుతుంది. అదే ఏడాదిలో పసిపిల్లలకు జలుబులూ, జ్వరాలూ, విరేచనాలూ, అరుదుగా ఫిట్సూ ఎటూ వస్తూనే ఉంటాయి. కోట్లాది పిల్లల్లో కొందరికి టీకా వేయించిన మర్నాడే జబ్బు చెయ్యటంలో వింతేముంది? టీకా వేయించని వీధిలో పిల్లాడికి జ్వరం వస్తే ఎవరూ చెప్పుకోరు. వేయించిన పిల్లాడికి వస్తే ఊరంతా చెప్పుకుంటారు.

మరి నిజంగా టీకా వల్లనే వచ్చిందా, కాదా అని తెలుసుకోవటం ఎలా? కాకి వాలని చెట్ల కింద కూడా పండ్లు లెక్కపెట్టాలి. అంటే, టీకా వేసుకున్న పిల్లల్నీ, వేసుకోని పిల్లల్నీ పక్కపక్కన పెట్టి, ఏ జబ్బు ఎవరికి ఎక్కువ వచ్చిందో లెక్క తియ్యాలి. ఇదే అసలు పరీక్ష.

మాటలు రావన్న పుకారును ఈ పరీక్షకే పెట్టి చూద్దాం. దీనికి పుట్టినిల్లు మన దేశం కాదు, ఇంగ్లండు. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే వైద్యుడు లాన్సెట్ అనే పేరుమోసిన వైద్య పత్రికలో ఒక వ్యాసం ప్రకటించాడు. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే టీకాకీ, ఆటిజానికీ సంబంధం ఉండవచ్చునని దాని సారాంశం. ఆటిజమంటే పిల్లలు పిలిస్తే పలకకపోవటం, కళ్ళలోకి చూడకపోవటం, మాటలు రావటం ఆలస్యం కావటం వంటివి ఉండే పరిస్థితి. ఆయన చూసిన పిల్లలెంతమంది? పన్నెండు మంది! ఆ పన్నెండు మందితోనే పత్రికలు హోరెత్తించాయి. ఇంగ్లండులో నూటికి 92 మంది పిల్లలకు పడే టీకా 2003-04 నాటికి 80 మందికి పడిపోయింది. తగ్గుముఖం పట్టిన తట్టు మళ్ళీ తలెత్తింది.

తరవాత బ్రయన్ డీర్ అనే పత్రికా విలేఖరి తవ్వితే అసలు కథ బయటికి వచ్చింది. టీకా కంపెనీల మీద దావా వెయ్యటానికి సిద్ధపడుతున్న న్యాయవాదుల నుంచి ఈ వైద్యుడికి సొమ్ము ముట్టింది. పిల్లల వివరాలు కూడా ఉన్నవి ఉన్నట్టు రాయలేదు. 2010 ఫిబ్రవరిలో ఆ పత్రికే ఆ వ్యాసాన్ని పూర్తిగా ఉపసంహరించుకుంది. అదే ఏడాది మే నెలలో ఆ దేశపు వైద్య మండలి ఆయన పేరును వైద్యుల జాబితాలోంచి కొట్టేసింది.

ఇక కాకి వాలని చెట్ల లెక్క సంగతి. డెన్మార్కులో ఆరున్నర లక్షలమంది పిల్లల వివరాలు ఏళ్ళ తరబడి పరిశీలించి 2019లో ప్రకటించారు. టీకా వేసుకున్న పిల్లల్లో ఆటిజం ఎక్కువగా కనబడలేదు. వేసుకున్నా, వేసుకోకపోయినా ఒకటే. మరి తల్లులకు అలా ఎందుకు తోచింది? ఏడాది నుంచి రెండేళ్ళ మధ్యనే పిల్లలకు మాటలు రావాలి. ఆటిజం ఉంటే అది మన కంటపడేదీ ఆ వయసులోనే. టీకా వేసేదీ ఆ వయసులోనే. కాకీ పండూ ఒకే కొమ్మ మీద కలిశాయి! మీ పిల్లాడు ఏడాదిన్నర దాటినా పిలిస్తే పలక్కపోతే, వేలు పెట్టి చూపించకపోతే, టీకాను తిట్టుకుంటూ కూర్చోకండి. వెంటనే పిల్లల వైద్యుడికి చూపించండి. ఎంత తొందరగా శిక్షణ మొదలైతే అంత మేలు.

రెండో పుకారు పోలియో చుక్కలది. సంతానం కలగదని, ఇది జనాభా తగ్గించే కుట్రని. ఈ మాట ఉత్తరప్రదేశ్‌లో కొన్ని జిల్లాల్లో బాగా పాకింది. తలుపులు వేసుకున్నారు, పిల్లల్ని దాచేశారు. 2002లో దేశం మొత్తం మీద 1,600 మందికి పోలియో వస్తే అందులో ఎక్కువ భాగం ఆ ఒక్క రాష్ట్రంలోనే. నైజీరియాలోని కానో రాష్ట్రంలో ఇదే వదంతిని నమ్మి 2003లో చుక్కలు ఆపేశారు. ఏడాదిపాటు ఆగితే, అక్కడి పోలియో ఇరవై దాకా దేశాలకు పాకింది.

మన ఉత్తరప్రదేశ్‌లో ఆ తలుపులు మళ్ళీ ఎవరు తెరిపించారు? పోలీసులు కాదమ్మా. ఆ వీధుల్లోని ఆడవాళ్ళే ఇల్లిల్లూ తిరిగారు. తమ పిల్లలకు ముందు వేయించి, "ఇదిగో నా బిడ్డ, చూడండి" అన్నారు. మతపెద్దలు కూడా ముందుకొచ్చి చెప్పారు. 2009లో 741 కేసులున్న మన దేశంలో 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్లోని హౌరా జిల్లాలో ఒక పాపకు వచ్చిన పోలియోయే ఆఖరిది. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో లేదని ధ్రువపత్రం వచ్చింది.

సంతానం సంగతంటారా? పల్స్ పోలియో మొదలైంది 1995లో. ఆనాడు చుక్కలు వేయించుకున్న పసివాళ్ళు ఇవాళ ముప్ఫయ్యేళ్ళవాళ్ళు. వాళ్ళ పిల్లలకే ఇప్పుడు మీరు చుక్కలు వేయిస్తున్నారు! ఇంతకంటే సాక్ష్యం కావాలా?

పాదరసం మాటకి వద్దాం. ఒకే సీసాలోంచి అనేకమంది పిల్లలకు తీసే కొన్ని టీకాల్లో సూక్ష్మజీవులు పెరగకుండా థయోమెర్సాల్ అనే పదార్థాన్ని అతి కొద్దిగా కలుపుతారు. మనం ఆవకాయ బూజు పట్టకుండా ఉప్పూ నూనే జాగ్రత్త చేసుకున్నట్టే. అందులో పాదరసం తాలూకు ఒక రూపం ఉన్న మాట నిజం. అయితే కలుషితమైన చేపల్లో పేరుకుని ఒంట్లో తిష్ఠ వేసే రకం వేరు, ఇది వేరు. ఇది కొద్ది రోజుల్లోనే శరీరంలోంచి వెళ్ళిపోతుంది. అనుమానం ఉండకూడదని అమెరికాలో 2001 నాటికి పసిపిల్లల టీకాల్లోంచి దీన్ని తీసేశారు. తీసేశాక ఆటిజం తగ్గిందా అంటే తగ్గలేదు. పోలియో చుక్కల్లో, తట్టు-రుబెల్లా టీకాలో, బీసీజీలో అసలు ఇది ఉండనే ఉండదు.

"విదేశాల్లో నిషేధించిన మందులు మన పిల్లల మీద రుద్దుతున్నారు" అన్నది మరో మాట. తట్టు, రుబెల్లా కలిసిన టీకాను అమెరికాలో 1971 నుంచీ వేస్తున్నారు. మనకి వేసేది పుణేలో తయారవుతుంది. అక్కడినుంచే ఎన్నో దేశాలకు వెడుతుంది. కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి టీకా ఒకప్పుడు విదేశాలనుంచి వచ్చేది, మధ్యతరగతివాళ్ళకి ఆ ధర అందేది కాదు. 1997లో మన హైదరాబాదులోనే, నెల్లూరు జిల్లా బిడ్డ వరప్రసాదరెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ దాన్ని తయారుచేసి అందుబాటులోకి తెచ్చింది. పసిపిల్లల విరేచనాలను అరికట్టే రోటావైరస్ చుక్కలు కూడా హైదరాబాదులో తయారైనవే. 2016లో వాటిని మొదట వేసిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కుట్ర అని మనం భయపడుతున్న మందు మన ఊళ్ళోనే, మన పిల్లలే ఉద్యోగాలు చేసే చోట తయారవుతోంది!

"ఈ జబ్బులు ఇప్పుడెక్కడున్నాయండీ? శుభ్రంగా ఉంటున్నాం, తల్లిపాలు ఇస్తున్నాం, చాలదా?" అని అడిగేవాళ్ళు పట్నాల్లో ఎక్కువ. తల్లిపాలు అమృతమే. శుభ్రత కావలసిందే. కానీ తట్టు గాలిలో వస్తుంది. ఒక్క పిల్లాడికి వస్తే, టీకా లేనివాళ్ళు పదిమంది అతని దగ్గర మసిలితే తొమ్మిది మందికి అంటుకుంటుంది. ఇంట్లో ఎలుకలు కనబడటం లేదని పిల్లిని వెళ్ళగొట్టే ఇల్లాలు ఉంటుందా? ఎలుకలు లేనిది ఆ పిల్లి వల్లనే కదా! 2015-16లో కేరళలోని మలప్పురం జిల్లాలో టీకాలు సరిగా పడని పిల్లలకు కంఠసర్పి సోకి ప్రాణాలు పోయాయి. 2022 చివరి నెలల్లో ముంబయిలో తట్టు విజృంభించి పసివాళ్ళు చనిపోయారు. మన హైదరాబాదు నల్లకుంటలోని ఫీవరాస్పత్రికి కంఠసర్పితో వచ్చే పిల్లలు చాలాకాలంగా ఉన్నారు. గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరి ఆడకుండా చేసే జబ్బది. దాన్ని కళ్ళతో చూసిన తల్లి ఎవరూ టీకా వద్దని అనదు.

టీకా ఆపేస్తే ఏమవుతుందో జపాను తల్లులకు బాగా తెలుసు. అక్కడ కోరింత దగ్గు టీకా పదిమందిలో ఎనిమిదిమంది పిల్లలకు పడేది. 1974లో దేశం మొత్తం మీద కోరింత దగ్గు వచ్చింది 393 మందికే. ఒక్కరూ చనిపోలేదు. ఆ చలికాలంలో టీకా వేసిన ఇరవైనాలుగు గంటల్లో ఇద్దరు పసివాళ్ళు చనిపోయారు. ప్రజలు బెంబేలెత్తారు. టీకా కొన్నాళ్ళు ఆపారు, తరవాత రెండేళ్ళు నిండాక వేద్దామన్నారు. 1976 నాటికి పదిమందిలో ఒక్కరికి మాత్రమే టీకా పడింది. 1979లో ఏం జరిగిందో వినండి. 13,000 మందికి పైగా పిల్లలకు కోరింత దగ్గు వచ్చింది. 41 మంది చనిపోయారు. ఆ తరవాత జపాను శాస్త్రజ్ఞులు జ్వరం తక్కువగా వచ్చే కొత్త టీకా కనిపెట్టారు, 1981 నుంచి మళ్ళీ వెయ్యటం మొదలుపెట్టారు. చూశారా, ఇద్దరు బిడ్డల మరణాన్ని తేలిగ్గా తీసుకోమని ఎవరూ అనరు. విచారించాలి, మందును మెరుగుపరచాలి. ఆ విచారణ జరిగేలోపు మందే మానేస్తే నష్టపోయింది మరికొందరు తల్లులు.

ఆ కొత్త రకమే ఇప్పుడు మన ప్రైవేటు ఆస్పత్రుల్లో "నొప్పి లేని టీకా" అని పిలిచేది. ప్రభుత్వ కేంద్రంలో వేసేది నొప్పి, జ్వరం ఎక్కువ తెస్తుందని, అందుచేత నాసిరకమని కొందరనుకుంటారు. అది పొరపాటు. నొప్పి లేని రకంతో కోరింత దగ్గు నుంచి వచ్చే రక్షణ కాస్త తొందరగా తగ్గిపోతుందని తేలింది. ఉచితంగా వేసేది తక్కువదేం కాదు.

ఇప్పుడు రుబెల్లా మాట. 2017లో తట్టు-రుబెల్లా టీకాను తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ళలోపు పిల్లలందరికీ వెయ్యటం మొదలుపెట్టారు. ఫిబ్రవరిలో తమిళనాడు, కర్ణాటక వంటి చోట్ల, ఆగస్టులో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో. ఫోన్లలో పుకార్లు గుప్పుమన్నాయి. "ఆ రోజు బడికి పంపకండి" అన్నారు. అయినా దేశంలో విడతలవారీగా 30 కోట్లకు పైగా పిల్లలు వేయించుకున్నారు.

"రుబెల్లా అంటే మూడు రోజుల జ్వరం, కాస్త దద్దుర్లు, అంతేగా! దానికింత హంగామా ఎందుకు?" అన్న తల్లులున్నారు. పిల్లలకు నిజంగా అంతే. కానీ అదే జ్వరం గర్భిణికి తొలి నెలల్లో వస్తే కడుపులో బిడ్డకి ప్రమాదం. ఈ సంగతి లోకానికి తెలిసిందే తల్లుల వల్ల. 1941లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో నార్మన్ గ్రెగ్ అనే కంటి వైద్యుడి దగ్గరికి, పుట్టుకతోనే శుక్లాలున్న పసిబిడ్డల్ని తీసుకుని తల్లులు వరసగా రావటం మొదలుపెట్టారు. అంతమందికి ఒకేసారి ఎందుకు వస్తోందా అని ఆయన ఆశ్చర్యపోయాడు. తల్లుల్ని అడిగాడు. చాలామంది ఒకటే చెప్పారు, నెల తప్పిన కొత్తలో ఒళ్ళంతా దద్దుర్లతో జ్వరం వచ్చిందని. ఆయన ఆ మాటను కొట్టిపారెయ్యలేదు. అలా అని విన్న వెంటనే చాటింపూ వెయ్యలేదు. తోటి వైద్యుల్ని కూడా అడిగి, 78 మంది బిడ్డల వివరాలు కూర్చి చూశాడు. వాళ్ళలో ఎక్కువమంది తల్లులకు ఆ జ్వరం వచ్చి ఉంది. కళ్ళు, చెవులు, గుండె దెబ్బతిన్న ఆ బిడ్డల కథ అలా బయటపడింది.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, ఆడవాళ్ళు చెప్పుకునే మాటలన్నీ పుకార్లే అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. తల్లి చూసినంతగా బిడ్డను ఎవరూ చూడరు. మనం చూసిన సంగతిని లెక్కపెట్టేవాళ్ళ దగ్గరికి చేరిస్తే అది శాస్త్రమవుతుంది. లెక్క లేకుండా వీధిలో వదిలేస్తే పుకారవుతుంది.

టీకాల్లో ఏ ఇబ్బందీ లేదని చెబితే నేనూ అబద్ధం చెప్పినదాన్నవుతాను. సూది వేసినచోట నొప్పి, వాపు, ఒకటి రెండు రోజులు జ్వరం మామూలే. ముఖ్యంగా ఆరో వారం నుంచి వేసే అయిదు జబ్బుల టీకాకి. తట్టు టీకా వేశాక వారం, పది రోజులకి కొందరికి జ్వరం వస్తుంది. మూడు, నాలుగు వేలమందిలో ఒకరికి ఆ జ్వరంతో ఫిట్సు రావచ్చు. చూస్తే గుండె ఆగినంత పనవుతుంది గాని సాధారణంగా తరవాత ఏ లోపమూ మిగలదు. పది లక్షల మందిలో ఒకరికి తీవ్రమైన ఎలర్జీ రావచ్చు. అందుకే టీకా అయ్యాక అరగంట అక్కడే కూర్చోమంటారు. తట్టు జబ్బే వస్తే మాత్రం వెయ్యిమందిలో ఒకరికి మెదడువాపు వస్తుంది. తూకం మీరే వెయ్యండి.

మందులో దోషం వేరు, మనుషుల పొరపాటు వేరు. 2019 మార్చిలో హైదరాబాదులోనే ఒక ఆరోగ్య కేంద్రంలో టీకా వేశాక జ్వరానికి ఇవ్వవలసిన పారాసిటమాల్‌కి బదులు పెద్దవాళ్ళు వాడే బలమైన నొప్పి మాత్రలు ఇచ్చారు. ఎంతోమంది పసివాళ్ళు ఆస్పత్రి పాలయ్యారు, ప్రాణనష్టం జరిగింది. క్షమించరాని పొరపాటది. "టీకా వల్ల పిల్లలు పోయారు" అని ఊరంతా పాకింది. టీకా సరైనదే, మాత్ర వేరు. ఆ తల్లుల దుఃఖం మనకి నేర్పేదేమిటి? ఎవరు ఇచ్చినా మాత్ర మీద పేరు చదవండి. చదవటం రాకపోతే చదివించుకోండి. పేరు చింపి విడి మాత్ర చేతిలో పెడితే, "ఇదేం మాత్రమ్మా? ఎంత వెయ్యాలి? ఎన్నిసార్లు?" అని గట్టిగా అడగండి.

అడగటం మన హక్కు. 2009లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా ఒక టీకా వేశారు. ఆ తరవాత ఏడుగురు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. విచారణలో ఆ మరణాలు పాముకాటు, నీట మునగటం, మలేరియా వంటి కారణాలవల్లనే గాని టీకావల్ల అని తేలలేదు. కానీ హాస్టళ్ళలో చదివే గిరిజన బాలికల తరఫున తల్లిదండ్రులకు చెప్పకుండా వార్డెన్లే సంతకాలు పెట్టిన సంగతి బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పు పట్టింది. నాలుగు మాటలు విడమరిచి చెప్పి సంతకం తీసుకుని ఉంటే ఆ తల్లులకు అంత అనుమానం కలిగేదా? చెప్పనిచోటే పుకారు మొలుస్తుంది.

కాబట్టి టీకా కేంద్రానికి వెళ్ళినప్పుడు ఈ సంగతులు గుర్తుంచుకోండి.

సీసా చూపించమనండి. చాలా సీసాల మీద చిన్న గుండ్రటి ముద్ర, దాని మధ్యలో చదరం ఉంటాయి. మధ్య చదరం చుట్టూ ఉన్న రంగుకంటే తేలిగ్గా ఉంటే మందు బాగున్నట్టు. చదరం, చుట్టూ ఉన్న రంగు ఒకటైపోతే వేడికి మందు పాడైనట్టు. అది వెయ్యకూడదు. సిరంజి మీ ఎదుటే కొత్త కవరులోంచి తియ్యాలి. ప్రభుత్వ కేంద్రాల్లో వాడేవి ఒక్కసారి వాడగానే పిడి బిగిసిపోయే రకం. రెండోసారి వాడదామన్నా పనిచెయ్యవు.

ఏ టీకా వేశారో, ఏ జబ్బుకో, మళ్ళీ ఎప్పుడు రావాలో అడిగి కార్డులో రాయించుకోండి. ఇదివరకు ఏ టీకాకైనా ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే ముందే చెప్పండి. బిడ్డకి జ్వరం బాగా ఎక్కువగా ఉంటే తగ్గాక వేయించవచ్చు. కొద్దిపాటి జలుబు, దగ్గు ఉన్నంత మాత్రాన మానెయ్యనక్కర్లేదు. తేదీ దాటిపోతే సిగ్గుపడి ఇంట్లో కూర్చోకండి. మళ్ళీ మొదటినుంచీ వెయ్యరు, ఆగినచోటునుంచే వేస్తారు.

ఇంటికొచ్చాక సూది వేసినచోట రుద్దకండి, పసుపులు, ఆముదాలు రాయకండి. తడిగుడ్డ వెయ్యవచ్చు. పాలు మామూలుగా ఇవ్వండి. భుజం మీద బీసీజీ వేసినచోట కొన్ని వారాలకు చిన్న పొక్కు లేచి, చితికి, మచ్చ పడుతుంది. కంగారు పడవలసింది లేదు, దాన్ని గిల్లకుండా ఉంటే చాలు. బిడ్డ మూడు గంటలకు మించి గుక్కపట్టి ఏడుస్తున్నా, ఫిట్సు వచ్చినా, ఊపిరి కష్టమైనా, పాలు తాగక మత్తుగా పడి ఉన్నా క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. టీకా వేయించిన సంగతి, తేదీ అక్కడ చెప్పండి. అలాంటి ప్రతి సంఘటననూ నమోదు చేసి విచారించే ఏర్పాటు ఉంది. మీరు చెబితేనే అది పనిచేస్తుంది.

చివరగా, పుకారు మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు ఏం చెయ్యాలి? అత్తగారు చెప్పినా, పక్కింటి పిన్నిగారు చెప్పినా, ఫోనులో వచ్చినా మూడే మూడు ప్రశ్నలు వెయ్యండి. చూసినవాళ్ళెవరు? ఏ ఊళ్ళో, ఎప్పుడు? ఏ వైద్యుడు పరీక్షించాడు? "అబ్బే, ఎవరో అన్నారు" అని జవాబొస్తే ఆ మాటకు "ట" తగిలించి అక్కడే వదిలెయ్యండి. ఇంకో ఇంటికి మీ చేత్తో పంపకండి. పెద్దవాళ్ళతో వాదం పెట్టుకోనక్కర్లేదు. "అత్తయ్యా, మీ చేతిమీద మశూచి టీకా మచ్చ ఉందిగా, అది వేసేటప్పుడు ఎవరేమన్నారు?" అని అడగండి. ఆ రోజుల్లో అమ్మవారికి కోపం వస్తుందని పిల్లల్ని గదుల్లో దాచేవారని వాళ్ళే చెబుతారు. ఆ మచ్చలు వేయించుకున్న తరం వల్లనే 1975 మే నెల తరవాత మన దేశంలో మశూచి ఒక్కరికీ రాలేదు. 1980లో ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించారు. ఇవాళ పుట్టే పిల్లలకు ఆ టీకా అక్కర్లేదు, ఆ మచ్చ అంతకన్నా అక్కర్లేదు.

పుకారుకు సీసాలో దొరికే మందేమీ లేదు. అడిగే నోరూ, చదివే కళ్ళూ, ఆగి ఆలోచించే మనసూ, ఈ మూడే దానికి టీకా. అది ఇంట్లో ఇల్లాలికి పడితే ఇంటిల్లిపాదికీ పడ్డట్టే. ఇవాళే ఆ కార్డు బీరువాలోంచి తీసి, తరవాతి తేదీ ఏదో ఒక్కసారి చూసుకోండి.